పిట్టల్ని చూడటం నేర్చుకుందాం – 6వ పాఠం: ఎండుతున్న చెరువు దగ్గర ఒక మే నెల రోజు

కిందటి పాఠంలో నడుస్తూ పిట్టల్ని వెతకడం నేర్చుకున్నాం. మే నెలలో ఆ పద్ధతి పక్కన పెట్టండి. ఎండెక్కాక పిట్ట కదలదు. దాని కోసం తిరిగితే మన ఒంట్లో నీరే ఆవిరవుతుంది. కాబట్టి ఈ పాఠమంతా ఒకచోట కూర్చోవడం గురించే.

చోటు ముందు రోజు సాయంత్రమే చూసుకోవాలి. చెరువు ఎండేకొద్దీ మిగిలిన నీళ్లు కట్ట పక్కన, తూము దగ్గరి లోతట్టులో నిలుస్తాయి. అక్కడ నీటి అంచుకు పది పదిహేను అడుగుల్లో తుమ్మో కానుగో ఉన్న మూల వెతకండి. చిన్న పిట్టలు సాధారణంగా ఆకాశంలోంచి నేరుగా నీటి మీద వాలవు. ముందు కొమ్మ మీద ఆగి, డేగ లేదని నిమ్మళించాకే దిగుతాయి. చెట్టు లేని నీటికి కొంగలూ తీతువులూ వస్తాయి గానీ పిగిలిపిట్టలు అరుదు.

మీరు కూర్చునేది నీటికి 20–25 మీటర్ల దూరంలో, సూర్యుడు వీపు వెనక ఉండేలా. అంటే పొద్దున నీటికి తూర్పు పక్కన, సాయంత్రం పడమటి పక్కన. రెండు చోట్లూ ముందే అనుకోవాలి. ఒక్కటే చూసుకున్నవాళ్లకు సాయంత్రం ఎదురెండలో ప్రతి పిట్టా కాకిలాగే కనిపిస్తుంది. కూర్చోబోయే ముందు పొద కింద పొడుగు కర్రతో తట్టండి. మీకు నచ్చిన నీడ రక్తపింజరికీ నచ్చుతుంది.

సామాను కొంచెమే. మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, వెడల్పు అంచు టోపీ, మట్టి రంగు నూలు చొక్కా, తడిపి మెడకు చుట్టుకోవడానికి తువ్వాలు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం కుమ్మరిస్తే ఉప్పు మోతాదు మించి మేలుకు బదులు కీడు చేస్తుంది. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు) చాలు. దాన్ని ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకండి.

మే మధ్యలో హైదరాబాద్‌లో సూర్యోదయం ఉదయం 5.45 ప్రాంతంలో. 5.20కల్లా కూర్చుని ఉండాలి. మొదటి అరగంట చెవులదే. కూ–ఊ అని మెట్టు మెట్టుగా స్వరం పెంచేది మగ కోకిల. కిక్–కిక్–కిక్ అని గబగబా అరిచేది ఆడది, ఒంటి నిండా చుక్కలుంటాయి. ఇది కాకులు గూళ్లు పెట్టే కాలం కాబట్టి కాకులు దాన్ని తరుముతూ ఉంటాయి, వెంటాట మొదలైన దిక్కునే చూడండి. టుక్, టుక్, టుక్ అని సుత్తి దెబ్బల్లా వినిపించేది కంసాలిపిట్ట. అరుస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది, అందుకే శబ్దం చోటు మారినట్టనిపిస్తుంది. శబ్దం వెంట పడకుండా రావి, మర్రి చెట్ల చిటారున ఆకుల్లేని ఎండు పుల్లల్ని ఒక్కొక్కటే వెతికితే దొరుకుతుంది.

కొత్తవాళ్లు ఈ కాలంలో తడబడేది కొంగల దగ్గర. చలికాలంలో మట్టిరంగు చారలతో చూసిన గుడ్డికొంగ ఇప్పుడు వీపు మీద ముదురు మెరూన్ రంగు వేసుకుని ఉంటుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరుగుతాయి. కొత్త జాతులు కావవి, జత కట్టే కాలపు ఈకలు. అయితే రెండూ ఎగిరినప్పుడు రెక్కలు తెల్లగానే ఉంటాయి.

తొమ్మిది దాటాక ఎండిన చెరువు నేల మీద గాలి మరగడం మొదలవుతుంది. బైనాక్యులర్‌లో దూరపు పిట్ట నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. చాలామంది పరికరం చెడిందనుకుని ఫోకస్ చక్రం తిప్పుతూనే ఉంటారు. తిప్పి లాభం లేదు, ఎక్కువ పవరున్న టెలిస్కోపుతో వణుకు ఇంకా పెద్దదవుతుంది. దూరం తగ్గించుకోండి, లేదా కట్ట మీదికెక్కి కిందికి చూడండి. పైకి లేచే ఆ వేడిగాలినే పట్టుకుని గద్దలు సుడి తిరుగుతాయి గనక మధ్యమధ్య ఆకాశమూ చూస్తుండాలి. బైనాక్యులర్ మాత్రం సూర్యుడి వైపు తిప్పకండి.

పది నుంచి నాలుగు దాకా చూడ్డానికేం లేదంటారు. నిజానికి పాఠం ఇక్కడే ఉంది. పిట్టకు చెమట పట్టదు. ముక్కు తెరిచి రొప్పుతుంది, రెక్కల్ని ఒంటికి ఎడంగా వేలాడేస్తుంది. నోరు తెరిచి కూర్చున్న కాకికి జబ్బేమీ లేదు. కొంగల్లోనూ నీటికాకుల్లోనూ గొంతు కింది చర్మం గడగడా అదురుతుంది. ఆ తడి చర్మం మీదుగా నీరు ఆవిరై ఒంటి వేడిని దించుతుంది. అలా పోయిన నీటిని తిరిగి తెచ్చుకోవాలి కదా, అందుకే మీరు నీటి దగ్గర కూర్చున్నది.

ఎవరు తాగుతారో, ఎలా తాగుతారో రాసుకోండి. గింజలు తినే గువ్వలు, మునియాలు, గిజిగాళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి, ఎందుకంటే వాటి తిండిలో తడి లేదు. పురుగులూ చేపలూ తినే లకుముకికి తిండిలోనే చాలావరకు నీరు అందుతుంది. గువ్వ ముక్కు ముంచి తల ఎత్తకుండా పీలుస్తుంది. గోరింక ముక్కులో పట్టి తల పైకెత్తి మింగుతుంది. వెలుతురు ఎదురై రంగు తెలియనప్పుడు ఈ ఒక్క తేడాతోనే గువ్వను గుర్తుపట్టొచ్చు. పొద్దు వాలాక తోకపిగిలిపిట్ట (ప్యారడైజ్ ఫ్లైక్యాచర్) కొమ్మ మీంచి నీళ్లలోకి ఒక్క మునక వేసి మళ్లీ కొమ్మెక్కుతుంది. రెప్పపాటులో అయిపోతుంది, కాబట్టి బైనాక్యులర్‌ను నీటి మీద కాక కొమ్మ మీద పెట్టి ఉంచండి.

తీతువు నీళ్లలో దిగి పొట్ట ఈకలు తడుపుకుని, తాగకుండా ఒకే దిక్కుకు పోతోందంటే అటు గుడ్లో పిల్లలో ఉన్నాయి. ఆ తడితో వాటిని చల్లబరుస్తుంది. అటు వెళ్లకండి. గుడ్లు సాధారణంగా నాలుగు, గులకరాళ్ల రంగులో కలిసిపోతాయి. ఈ ఎండలో తల్లి లేచిపోతే నిమిషాల్లోనే అవి ఉడికిపోవచ్చు. మీ చుట్టూ అరుస్తూ తిరిగితే నేల చూసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. కృష్ణా, గోదావరి ఇసుక తిన్నెల మీద నదీ టెర్న్‌లు (నదుల మీద ఎగురుతూ చేపలు పట్టే పిట్టలు) గుడ్లు పెట్టే రోజుల్లో మధ్యాహ్నం అసలు దిగకూడదు. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి రప్పించడం కూడా ఈ కాలంలో వద్దు.

తోటివారికి తలనొప్పి, వికారం మొదలైతే అక్కడితో ఆపేయండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. మత్తులో ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఈ వారం పని: మధ్యాహ్నం వద్దు, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా ఒకే చోట కూర్చోండి. ప్రతి 15 నిమిషాలకు ఒక వరస రాయండి – సమయం, నీటి దగ్గరి పిట్టలెన్ని, ముక్కు తెరిచినవెన్ని, తాగినవెన్ని, మునిగినవెన్ని. పది వరసలొస్తాయి. వాటిని దాచి ఉంచండి, తొలకరి పడ్డాక అదే చోట రాసే పట్టికతో 7వ పాఠంలో పోల్చాలి.