ఆవకాయ నూనె బట్ట మీద పడితే

చొక్కా మీద ఆవకాయ నూనె పడగానే చాలామంది చెయ్యి తడిచేసుకుని అక్కడే రుద్దేస్తారు. మరక ముదిరేది అప్పుడే. నూనె నీళ్లలో కలవదు కదా, రుద్దినకొద్దీ పోగుల్లోకి దిగి పక్కకు పాకుతుంది.

ముందు ముక్కనీ పిండినీ చెంచా అంచుతో ఎత్తేయండి. అడుగున పాత తెల్లగుడ్డ మడిచి పెట్టి, పైనుంచి ఇంకో గుడ్డతో అద్దండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. తర్వాత మరక కనబడనంత మందంగా టాల్కం పౌడర్ చల్లి అరగంట వదిలేయండి. కార్న్‌ఫ్లోర్ అయినా సరే. అరగంటకు తెల్లటి పౌడర్ పచ్చబడి ఉండలు కడుతుంది. దులిపేసి మళ్లీ చల్లండి. పొడిపొడిగా రాలేదాకా ఇదే పని.

అప్పుడు బట్ట తిరగేసి, తడపకుండానే, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు వేయండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో అంచు నుంచి మధ్యకు నెమ్మదిగా రుద్ది, 15 నిమిషాలాగి, వెనకవైపు నుంచే గోరువెచ్చటి నీళ్లు ధారగా పోయండి.

ఉతికేటప్పుడు బట్టల సబ్బు తగిలి పసుపు మరక ఎర్రబడితే కంగారుపడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడదూ, ఇదీ అంతే. సబ్బు పోయేలా జాడిస్తే ఎరుపు తగ్గుతుంది.

తడిబట్టలో నూనె జాడ తెలియదు. అందుకే మొదట నీడన ఆరేసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. ఆ చోటు ఇంకా ముదురుగా కనిపిస్తే మళ్లీ లిక్విడ్ వేయాల్సిందే. ఈలోగా ఇస్త్రీ చేశారంటే మిగిలిన నూనె వేడికి బంకలా పట్టేస్తుంది, తర్వాత వదలడం చాలా కష్టం. నూనె పోయి పసుపు ఒక్కటే మిగిలితే, తడిపి మరకవైపు పైకి ఉండేలా ఎండలో వేయండి. రెండు మూడు ఎండలకు వెలిసిపోతుంది. ముదురు రంగు బట్టలకు మాత్రం ఎండ ఎక్కువ తగలనివ్వకండి, వాటి రంగూ వెలుస్తుంది.

పాలిస్టర్ నూనెను గట్టిగా పట్టుకుంటుంది, రెండుమూడుసార్లు చేయాలి. పట్టుచీరకైతే పౌడర్‌తోనే ఆపేయండి, బ్రష్ తగిలితే పోగు లేస్తుంది. డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు అది ఆవకాయ మరక అని చెప్పండి.

సైకిల్ చైను గ్రీజుకు పౌడర్ చాలదు, అందులో ఇనుప రజనూ మట్టీ ఉంటాయి. కొబ్బరినూనె కాస్త రాసి 10 నిమిషాలు నాననిచ్చి, గుడ్డతో అద్ది తీసేసి, ఆపైన లిక్విడ్ వేయండి. కిరోసిన్‌తోనూ పోతుంది గానీ, ఆ బట్టను వాషింగ్ మెషీన్‌లో వేయకండి, పొయ్యి దగ్గర ఆరేయకండి. అంటుకుంటుంది.