గొడవలు రాకుండా హాస్టల్లో అంత్యాక్షరి ఆడించడం ఎలా?

అంత్యాక్షరికి పెద్దగా ఏమీ అక్కర్లేదనుకుంటారు అందరూ. నలుగురు కూర్చుంటే చాలు, పాటలు వాటంతట అవే వస్తాయని నమ్మకం. ఆ నమ్మకంతో మొదలైన ఆటలు నలభై నిమిషాలకే "మా పాట చివరి అక్షరం ‘య’ కాదు, ‘మ’" అన్న గొడవలో చచ్చిపోవడం నేను చాలాసార్లు చూశాను. నాలుగేళ్లు హాస్టల్లో ఆడాను, ఆ తర్వాత లెక్చరర్‌గా ఫ్రెషర్స్ వారంలో ఏటా ఆడిస్తున్నాను. పాటలు రాక ఆగిపోయిన ఆట ఒక్కటీ లేదు. ఆగినవన్నీ అక్షరం దగ్గరే ఆగాయి.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. మెస్ నుంచి ఒక స్టీలు పళ్లెం, ఒక గరిటె, చాక్‌పీసు, రాయడానికి నల్లబల్ల లేదా వెనుక గోడ, సెల్‌ఫోన్లు వేయడానికి ఒక ఖాళీ బకెట్. అంతే. ఫోన్లు బకెట్లో వేయకపోతే ఆట వద్దు. పాట గుర్తురాకపోవడంలోనే మజా ఉంది, వెతికి పాడితే ఏముంటుంది?

చోటు విషయంలో హాస్టల్ టెర్రస్ కంటే మెస్ హాలే మేలు. టెర్రస్ మీద గాలికి పాట వినపడదు, పైగా వార్డెన్ గారికి టెన్షన్. మైక్ జోలికి అసలు పోవద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, హాస్టల్లో అసలు ఆట ఊపందుకునేదేమో పది తర్వాతే. అయినా మైక్ ఉంటే ఇద్దరు పాడతారు, మిగతావాళ్లు వింటారు. మైక్ లేకపోతే ముప్పైమందీ పాడతారు. డీజే నైట్లు పెట్టేవాళ్లకు ఈ తేడా ఎప్పటికి అర్థమవుతుందో! మాట్లాడకుండా సైగలతో సినిమా పేరు చెప్పించే డంబ్ షరాడ్స్ కూడా అంతే, చురుకైనవాళ్లు ఐదుగురు గంతులేస్తుంటే పక్కవాళ్లు ఫోను చూసుకుంటారు. కొత్తగా వచ్చి ఎవరితోనూ మాట్లాడని పిల్లాడు కూడా తనకు తెలిసిన పల్లవి వస్తే గొంతు కలుపుతాడు. అది అంత్యాక్షరిలోనే జరుగుతుంది.

జట్లు నాలుగు చాలు, ఒక్కోదాంట్లో ఎనిమిది మంది లోపే. బ్రాంచీలవారీగా చేయకండి. సీఎస్‌ఈ ఒకవైపు, మెకానికల్ ఒకవైపు అంటే అది ఆట కాదు, ఎన్నిక. చీటీలు తీసి కలిపేయండి, ప్రతి జట్టులో కనీసం ఇద్దరు ఫస్టియర్ వాళ్లు ఉండేట్టు చూడండి. ఒడిశా నుంచో కేరళ నుంచో వచ్చినవాళ్లు ఉంటే వాళ్ల భాషలోనే పాడనివ్వండి. అక్షరం మాత్రం మనం విన్న శబ్దాన్ని బట్టి తెలుగులో రాసుకోవాలి. అక్షరం వచ్చాక పాట ఎత్తుకోవడానికి పదిహేను సెకన్లు. పళ్లెం మీద గరిటెతో ఒక దెబ్బ పడితే సమయం అయిపోయినట్టు. పాటకు పది మార్కులు, పక్క జట్టు అందుకుంటే ఐదు.

ఇక అసలు సంగతి, అంటే అక్షరం తేల్చడం. ఇక్కడ తొందరపడకండి.

ఆట మొదలుకాకముందే కింది నియమాలు బల్ల మీద రాసి, అందరిచేత చదివించి, "ఒప్పుకున్నాం" అనిపించండి. మధ్యలో నియమం చెబితే అది నియమం కాదు, పక్షపాతం. ఒకసారి మా హాస్టల్లో ‘హృదయం’ అన్న మాట దగ్గర మొదలైన వాదన రెండు గదుల మధ్య పరీక్షల దాకా సాగింది. నోట్సులు కూడా ఇచ్చుకోలేదు. అప్పటినుంచే నేను ముందుగా రాయించడం మొదలుపెట్టాను.

ముందుగా, అక్షరం ఎక్కడినుంచి తీసుకోవాలి? పాడినవాళ్లు ఆపిన చోటునుంచి మాత్రం కాదు. అలా వదిలితే తెలివైనవాళ్లు ఎదుటివాళ్లకు కష్టమైన అక్షరం చూసి అక్కడే ఊపిరి తీసుకుంటారు. పల్లవి మొత్తం పాడాలి, పల్లవిలో చివరి మాటే లెక్క. పల్లవి తిరిగి మొదటి పాదంలోకి వెళ్లే పాటలుంటాయి, వాటికి ఆ తిప్పుడుకు ముందున్న మాట చూడండి. చివర వచ్చే ‘ఓహో’లు, ‘లాలలా’లు, గమకాలు మాట కాదు, వదిలేయండి.

రెండోది గుణింతం. చివర ‘లే’ వస్తే ‘లే’తోనే మొదలుపెట్టాలనే పిడివాదులు ఉన్నారు. వాళ్లతో ఆడితే ఆట పది నిమిషాల్లో ముగుస్తుంది. హల్లు చూడండి, గుణింతం వదలండి. ‘లే’ వచ్చినా ‘లు’ వచ్చినా ‘ల’ కిందే లెక్క.

మూడోది సున్న. ‘హృదయం’ చివర ‘య’నా, ‘మ’నా? నా తీర్పు ‘మ’. ఎందుకంటే ఆ మాటకు పాత రూపం ‘హృదయము’, పాడేటప్పుడు పెదవులు మూసుకునేది కూడా ‘మ’ మీదే. గీతం, మేఘం, దీపం అన్నీ ‘మ’కే వస్తాయి. అప్పుడు ‘మ’ ఎక్కువైపోదా అని అడుగుతారు. అవుతుంది, కానీ ‘మ’తో మొదలయ్యే పాటలకు మనకు కరువేముంది? హిందీవాళ్లు ఆట మొదట పాడుకునే పాదం కూడా ‘నామ్’తో ముగిసి ‘మ’నే అందిస్తుంది, వాళ్లు ఏ నష్టమూ పోలేదు.

నాలుగోది వత్తు. ‘రాత్రి’ అంటే కొందరికి చెవిలో ‘ర’ వినిపిస్తుంది, కొందరికి ‘త’. చెవిని నమ్మకండి, గోడ మీద రాయండి. పైన పెద్దగా ఉన్న అక్షరమే లెక్క, కింద వేలాడే వత్తు కాదు. ‘రాత్రి’కి ‘త’, ‘జన్మ’కి ‘న’. ఇది నేర్పడానికి ఒక్కోసారి టైం పడుతుంది, ఎందుకంటే ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని తెలుగు రాతకు దూరమైనవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. అందుకే జడ్జిగా పాడేవాణ్ణి పెట్టొద్దు, తెలుగు మీడియంలో చదివినవాణ్ణి పెట్టండి. గొంతు బాగున్నవాడు పాడాలి, అక్షరం వచ్చినవాడు తేల్చాలి.

ఒత్తక్షరాలను విడిగా చూడొద్దు. ఖ, ఘ, ధ, భ లాంటివి వస్తే వాటి మెత్తని జోడీతో, అంటే క, గ, ద, బ లతో పాడినా చెల్లుతుంది. శ, ష, స మూడూ ఒకటే. ‘ణ’, ‘ళ’లతో మన మాటలు మొదలుకావు కాబట్టి ‘ణ’కు ‘న’, ‘ళ’కు ‘ల’. కళ్ళు, నీళ్ళు, ఊళ్ళు, పెళ్ళి, అన్నీ ‘ల’ ఖాతాలోకే. ఇంగ్లీషు మాటతో ముగిసే కొత్త పాటలుంటాయి, అక్కడ ‘లవ్’ అంటే ‘వ’.

చాలామంది పట్టించుకోనిది ఒకటి ఉంది. మన మాటల చివర అచ్చు ఉంటుంది కానీ అది హల్లును అంటుకునే ఉంటుంది. విడి అచ్చక్షరంతో ముగిసే పల్లవి దాదాపు దొరకదు. అంటే అ, ఆ, ఇ, ఎ, ఒ లతో మొదలయ్యే పాటలకు ఆటంతా వంతే రాదు! ‘ఆ’తో మొదలయ్యే మంచి పాటలు ఎన్నున్నాయో లెక్కేసుకోండి, అన్నీ వృథా. ‘య’ వచ్చినప్పుడేమో యమున, యవ్వనం, యుగం తప్ప నోట్లోకి ఏమీ రాదు. రెంటికీ కలిపి ఒకటే మందు. మనం ‘ఎవరు’ అని రాసి ‘యెవరు’ అంటాం, ‘ఒకటి’ అని రాసి ‘వొకటి’ అంటాం. కాబట్టి ‘య’ వస్తే ఇ, ఈ, ఎ, ఏ లతో పాడొచ్చు. ‘వ’ వస్తే ఉ, ఊ, ఒ, ఓ లతో పాడొచ్చు. మిగిలిన అ, ఆ ల కోసం ప్రతి జట్టుకూ రెండు చీటీలు ఇవ్వండి. ఏ అక్షరం వచ్చినా చీటీ పడేసి అ, ఆ పాట ఎత్తుకోవచ్చు. చీటీ ఎప్పుడు వాడాలా అని జట్లు గుసగుసలాడుకుంటుంటే చూడాలి, పేకాట కూడా అంత సీరియస్‌గా ఆడరు.

చివరిది ‘లు’ ఉచ్చు. బహువచనం మొత్తం ‘లు’ కాబట్టి పోకిరీ జట్టు ఒకటి ఎప్పుడూ కనులు, కలలు, పువ్వులు అనే పాటలే ఏరుకుని పాడుతుంది. ‘ల’తో మనకు లాలి, లేత, లోకం దాటితే తడబాటే. అందుకని ఒకే అక్షరం వరుసగా మూడోసారి వస్తే ఒక అక్షరం వెనక్కి జరగండి. ‘కనులు’కి ‘న’. ‘కలలు’ అయితే వెనకా ‘ల’యే, ఇంకో అడుగు వేసి ‘క’ తీసుకోండి. ఇక్కడ అందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి.

పాటలు కాక పద్యాలతో ఆడదామనే తెలుగు సంఘం మిత్రులకు ఒక మాట. శతకాలతో ఇది కుదరదు. వేమన పద్యం దాదాపు ఏది చదివినా ‘వినురవేమ’ దగ్గర ఆగి ‘మ’నే ఇస్తుంది, సుమతి శతకం చాలావరకు ‘త’నే. మకుటం వదిలి దాని ముందు పాదంలోని చివరి అక్షరం తీసుకుంటే తప్ప ముందుకు కదలదు. ఒకసారి ఆడించాను, బాగానే సాగింది, కానీ పద్యాలు వచ్చినవాళ్లు ముగ్గురే.

జడ్జి ఒక్కడే ఉండాలి. ఇద్దరుంటే రెండు తీర్పులు. అక్షరం తేలగానే గోడ మీద పెద్దగా రాయాలి, రాసింది తుడిచే హక్కు ఎవరికీ లేదు, తప్పయినా సరే. ఎవరైనా లేచి వాదిస్తే వాళ్ల జట్టు చీటీ ఒకటి పోతుంది. ఈ శిక్ష నేను పెట్టాక వాదనలు సగం రాత్రి నుంచి సగం నిమిషానికి తగ్గాయి.

గంటన్నర దాటనివ్వకండి. గెలిచిన జట్టుకు ఉదయం క్యాంటీన్లో సమోసాలు, ఓడినవాళ్ల ఖర్చుతో. ఫోన్ల బకెట్ తలుపు దగ్గర పెట్టి ఎవరిది వాళ్లకు చేతికి ఇవ్వండి, లేకపోతే ఒకే రంగు కవర్లున్న రెండు ఫోన్లు మారిపోయి అదో తంటా. పళ్లెం, గరిటె టిఫిను టైముకు ముందే మెస్‌లో ఉండాలి. గరిటెకు సొట్ట పడితే వచ్చేసారి ఇవ్వరు.