సంధ్యవేళ చంద్రుణ్ణి, గ్రహాలను చూడటం ఎలా?

గ్రహాలు చూడాలంటే టెలిస్కోపు కొనాలని, అర్ధరాత్రి దాకా మేలుకోవాలని చాలామంది అనుకుంటారు. రెండూ అక్కర్లేదు. సూర్యుడు అస్తమించాక వచ్చే ముప్పావు గంట చాలు.

ముందుగా, ఏ రోజు చూడాలో ఎంచుకోండి. అమావాస్య దాటాక విదియ నుంచి చవితి దాకా వచ్చే సాయంత్రాలు అన్నిటికన్నా అనువైనవి. పడమట చెట్లు, మేడలు అడ్డం రాని చోట నిలబడండి. సూర్యుడు పూర్తిగా దిగిపోయే వరకు బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టకండి. అంచు కొంచెం మిగిలి ఉన్నా చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లలు పక్కనుంటే ఈ విషయంలో అసలు రాజీ పడొద్దు.

మొదట నెలవంకను పట్టుకోండి. వెలిగే అంచు సరే, మిగతా గుండ్రం కూడా లేత బూడిద రంగులో కనబడుతుంది చూడండి. అది భూమి మీద పడి, చంద్రుడి దాకా వెళ్ళి, మళ్ళీ మన దగ్గరికి వచ్చిన సూర్యకాంతి. నాకైతే ఆకాశంలో ఇంతకన్నా అందమైన దృశ్యం లేదు.

ఇప్పుడు సూర్యుడు దిగిన చోటి నుంచి చంద్రుడి మీదుగా ఒక గీత ఊహించుకుని, పైకి పొడిగించండి. గ్రహాలన్నీ దాదాపు ఆ దారిలోనే ఉంటాయి. మిలమిల మెరిస్తే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం గ్రహం కూడా మిణుకుమంటుంది.

అన్నిటికన్నా ముందు, ఇంకా వెలుగుండగానే కనిపించేది శుక్రుడు. ఆకాశంలో దూరాలను డిగ్రీల్లో, పిడికిలితోనే కొలుచుకోవచ్చు: చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. శుక్రుడు సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి జరగడు, బుధుడు 28 దాటడు. అందుకే బుధుణ్ణి చూడాలంటే పడమట నేలబారునే వెతకాలి, అదీ కొద్ది రోజులే దొరుకుతాడు. గురుడికి, శనికి, కుజుడికి ఆ హద్దు లేదు. శుక్రుడు తెల్లవారుజామున కనిపించే నెలల్లో ఇదంతా తూర్పు వైపు, సూర్యోదయానికి ముందు చూడాలి.

మర్నాడు అదే సమయానికి మళ్ళీ చూడండి. చంద్రుడు రోజుకు దాదాపు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు కాబట్టి, నిన్న శుక్రుడికి కింద ఉన్నవాడు ఇవాళ పైన ఉండొచ్చు.

బైనాక్యులర్స్ ఉంటే గురుడి పక్కన చిన్న చుక్కలు వెతకండి. గెలీలియో 1610లో చూసిన నాలుగు ఉపగ్రహాలు అవే. చేతులు వణికితే మోచేతులు గోడకు ఆనించండి.