వేట మాంసం భద్రం - 4వ పాఠం: సంచి ఎంచుకోవడం

కిందటి పాఠంలో జంతువును కదపకుండా, పొట్ట తెరవకుండా, చర్మం ఒలిచి నాలుగు కాళ్లూ విడదీసే పద్ధతి చూశాం. ఇప్పుడు ఒలిచిన తొడ చేతిలో ఉంది. నేల మీద పెడితే మట్టి, ఆకులు అంటుకుంటాయి. చేతిలోనే ఉంచుకుంటే మిగతా పని ఆగిపోతుంది. కాబట్టి కత్తి తీయకముందే సంచి విప్పి, మూతి తెరిచి, కొమ్మకు తగిలించి ఉండాలి. ఆ సంచి ఎలాంటిదో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. ఈ పాఠమంతా దాని గురించే.

చాలామంది మొదట అడిగేది "ఏ గుడ్డ మంచిది?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, మాంసాన్ని ఎముకతో సహా మోస్తారా, ఎముక తీసేసి మోస్తారా అన్నది. సంచి కొలత, సంచుల సంఖ్య, కుట్టు ఎంత గట్టిగా ఉండాలన్నది అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. కొలత తప్పితే ఎంత ఖరీదైన గుడ్డయినా ఆదుకోలేదు.

సంచి చేసే పని, చేయని పని

సంచి మాంసాన్ని చల్లబరచదు. చల్లబడుతుంటే అడ్డు రాకుండా ఉంటుంది, అంతే. జింక జాతి జంతువుల ఒంటి వేడి సుమారు 38, 39 డిగ్రీల సెల్సియస్. బ్యాక్టీరియా జోరుగా పెరిగేది 4 నుంచి 60 డిగ్రీల మధ్య. అంటే వేట పడిన క్షణంలోనే మాంసం సరిగ్గా ఆ మధ్యలో ఉంటుంది. లోపలి వేడి బయటికి పోవాలి, పైనున్న తడి ఆరిపోవాలి. పైభాగం ఆరి, పల్చటి గట్టి పొర కడితే ఇక ఆ మాంసం చాలావరకు తనను తానే కాపాడుకుంటుంది. బ్యాక్టీరియాకు తడి కావాలి, ఈగకూ గుడ్లు పెట్టడానికి తడి చోటే కావాలి.

అందుకే సంచికి రెండు పరస్పర విరుద్ధమైన పనులు పడతాయి. గాలిని రానివ్వాలి, ఈగను రానివ్వకూడదు. మార్కెట్లో దొరికే సంచుల మధ్య తేడాలన్నీ ఈ పేచీ దగ్గరే మొదలవుతాయి.

ఈగ సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిసే మాంసపు ఈగలు వెచ్చటి రోజున నిమిషాల్లో వచ్చి వాలతాయి. ఒక్క ఆడ ఈగ ఒక్క విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు, వెచ్చగా ఉంటే అవి ఒక రోజులోపే పురుగులవుతాయి. ఎండ తగ్గి 10 డిగ్రీల కిందికి దిగితే ఈగలు దాదాపు కనబడవు. కనుక సీజన్ మొదట్లో వెచ్చటి రోజుల్లో వేటకు వెళ్లేవాళ్లకూ, మంచు పడ్డాక వెళ్లేవాళ్లకూ ఒకే సంచి అక్కర్లేదు. చలికాలంలో మామూలు నూలు సంచి చాలు. వెచ్చటి రోజుల్లో నేత గురించి పట్టింపు ఉండాల్సిందే.

కొలత

పెద్ద మగ ఎల్క్ (ఉత్తర అమెరికాలోని భారీ జింక) వెనక తొడ ఎముకతో కలిపి 25, 30 కిలోల దాకా తూగుతుంది. జింక జాతిలోకెల్లా పెద్దదైన మూస్ అయితే 50 కిలోలు దాటవచ్చు. మామూలు జింక తొడ 10 కిలోల అటూ ఇటూ. ఒకే పేరుతో అమ్మే "పెద్ద సైజు" సంచి ఈ మూడింటికీ సరిపోదు కదా. ప్యాకెట్ మీద రాసిన జంతువు పేరు చూసి కాదు, సెంటీమీటర్లు చూసి కొనండి.

లెక్క ఇలా వేయాలి. సంచిని బల్ల మీద పరిస్తే కనబడే వెడల్పు, దాని చుట్టుకొలతలో సగం. తొడ బాగా లావుగా ఉన్న చోట చుట్టుకొలత 90 సెంటీమీటర్లు అనుకుంటే, 45 సెంటీమీటర్ల వెడల్పున్న సంచి చర్మంలా అతుక్కుపోతుంది. అలా అతుక్కోవడం రెండు విధాలా చేటు. గుడ్డకూ మాంసానికీ మధ్య గాలి ఆడదు. పైగా తడిసిన గుడ్డ మాంసాన్ని ఆనుకుని ఉంటే, ఈగ బయటే కూర్చుని నేత సందుల్లోంచి గుడ్లు దించగలదు. అదే 55 సెంటీమీటర్లుంటే గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని మాంసం మీంచి పైకి లాగగలుగుతారు. ఆ వదులు కావాలి. పొడవు విషయానికొస్తే, కాలు పూర్తిగా లోపలికి పోయాక మూతిని మెలితిప్పి, మడిచి కట్టడానికి ఇంకో జానెడు గుడ్డ మిగలాలి. మరీ వదులైతే కొమ్మలకు తట్టుకుంటుంది, మోసేటప్పుడు మాంసం ఒక మూలకు జారుతుంది. అయినా బిగుతుకన్నా వదులే నయం.

ఎముక తీసేసేవాళ్లకు లెక్క మారుతుంది. ఎముక ఉన్నప్పుడు కాలు తన ఆకారంలో నిలబడి ఉంటుంది, చుట్టూ గాలి తగులుతుంది. ఎముక తీసిన మాంసం సంచి అడుక్కి జారి ఒకే ముద్ద అవుతుంది. ముద్ద నడిమిలో వేడి గంటల తరబడి పోదు. దీనికి విరుగుడు చిన్న సంచులు ఎక్కువ పెట్టుకోవడం. ఒక్కో దాంట్లో 10, 15 కిలోలకు మించి వేయొద్దని నా సలహా. ఇంకో మాట, ముక్కలను సంచిలో వేసే ముందు శుభ్రమైన షీట్ మీదో కొమ్మల మీదో నీడలో పరిచి వేడి పోనివ్వండి. వేడి వేడిగా నింపితే సంచి ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

అయితే ఎముక తీయాలా వద్దా అన్నది పూర్తిగా మీ చేతిలో ఉండదు. అమెరికాలోని అలాస్కాలో కొన్ని యూనిట్లలో (వేట కోసం విభజించిన ప్రాంతాల్లో) మూస్, కారిబూ (అక్కడి అడవి రెయిన్‌డీర్) కాళ్ల మాంసాన్ని ఎముకతోనే బయటికి తేవాలని నిబంధన. మరోవైపు, జింక జాతిలో వచ్చే, మెదడును దెబ్బతీసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే అంటువ్యాధి వల్ల అమెరికాలో చాలా రాష్ట్రాలు వెన్నెముక, మెదడు ఉన్న కళేబరాన్ని సరిహద్దు దాటనివ్వవు. అక్కడ ఎముక తీయడమే తేలిక. చాలాచోట్ల జంతువు ఆడదో మగదో తెలిపే భాగాన్ని ఒక కాలికి అంటిపెట్టి ఉంచాలి కూడా. ఆ కాలు వెళ్లే సంచి కాస్త పెద్దదై, చెక్‌పోస్ట్ దగ్గర సులువుగా విప్పి చూపించేలా ఉండాలి. సంచి కొనేముందే వెళ్లే చోటి రూల్ బుక్ చదవమనేది ఇందుకే.

ఎన్ని సంచులు? ఎల్క్‌కైతే నాలుగు కాళ్లకు నాలుగు, వెన్ను మాంసం, మెడ మాంసం, విడి ముక్కలకు ఒకటి రెండు. జింకకు మొత్తం మీద మూడు నాలుగు చాలు. ఒకటి అదనంగా పెట్టుకోండి, తడిసినదాన్ని మార్చడానికి పనికొస్తుంది.

ఇప్పుడు గుడ్డ

అన్నిటికన్నా చవక చీజ్‌క్లాత్. సాగే వలలాంటి పల్చటి నూలు సంచి. గాలి బ్రహ్మాండంగా ఆడుతుంది, కానీ ఈగకూ దుమ్ముకూ తలుపు తెరిచినట్టే. ముళ్లకు చిరుగుతుంది, పోగులు మాంసానికి అంటుకుంటాయి. ఈగలు లేని చలిలో, బండి పక్కనే ఉన్నప్పుడు తప్ప దాన్ని నేను ఎవరికీ చెప్పను.

దళసరి నూలు సంచి పాతకాలపు నమ్మకమైన సరుకు. పైనున్న రక్తాన్ని, తడిని పీల్చుకుంటుంది కాబట్టి మాంసం మీద పొర త్వరగా కడుతుంది. ఉతికితే ఏళ్లు వస్తుంది. శుభ్రమైన పాత నూలు దిండు గలీబు కూడా చిన్న జింక మాంసానికి బాగానే పనిచేస్తుంది, కుట్లు గట్టిగా ఉంటే చాలు. దీని ఇబ్బందల్లా బరువు. పొడిగా ఉన్నప్పుడే బరువు, తడిస్తే మరీను. వాన ముసురు పట్టిన చోట ఆరనే ఆరదు. బండి దాకా దూరం తక్కువైతే నేను నూలువైపే మొగ్గుతాను.

వీపు మీద మోసుకుంటూ చాలా దూరం నడిచేవాళ్లకు పాలిస్టర్ లేదా నైలాన్‌తో దగ్గరి నేతగా నేసిన సంచులు మేలు. తేలిక, త్వరగా ఆరతాయి, సులువుగా చిరగవు, ఈగకు సందు ఇవ్వవు. అయితే సింథటిక్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కొన్నిటికి నీళ్లు దిగకుండా లోపలి వైపు పూత పూస్తారు. అలాంటిది టెంటుకు మంచిది, మాంసానికి కాదు. పాఠం చివర్లో చెప్పే ఊదుడు పరీక్షలో అది బయటపడుతుంది.

ప్లాస్టిక్ సంచి గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మండుటెండలో రెయిన్‌కోటు వేసుకున్నవాడి ఒంట్లా లోపల మాంసం ఉడుకుతూ, చెమర్చుతూ ఉంటుంది. చెత్త సంచుల్లో కొన్నిటికి వాసన రాకుండా మందులు కలుపుతారు, అవి తిండి పదార్థాలకు తగినవి కావు. ఒక్క సందర్భం మాత్రం మినహాయింపు. వాతావరణం వేడిగా ఉండి, పక్కనే చల్లటి సెలయేరు ఉంటే, మందు కలపని దళసరి ప్లాస్టిక్‌లోనో నీళ్లు దిగని సంచిలోనో మాంసాన్ని మూటగట్టి నీళ్లలో ముంచి వేడి లాగేయవచ్చు. చల్లబడగానే తీసి, తుడిచి, గాలాడే సంచిలోకి మార్చాలి.

కుట్లు, తాడు, రంగు త్వరగా చూసేద్దాం. పక్క కుట్టు రెండు వరసలుండాలి. తెలుపో లేత రంగో అయితే వేడి తక్కువ పడుతుంది, మురికి కనబడుతుంది, చీకట్లో వెతుక్కోవడం తేలిక. నైలాన్ తాడు ముడి జారుతుంది, కనుక మూతిని మెలితిప్పి, వెనక్కి మడిచి, తాడు రెండు చుట్లు చుట్టి ముడేయండి. ఈగ దూరేది ఎక్కువగా గుడ్డలోంచి కాదు, సరిగా కట్టని మూతిలోంచి.

వేలాడదీసేటప్పుడు బరువు ఎవరు మోస్తున్నారో చూసుకోవాలి. ఎముక ఉన్న కాలైతే మడమ నరానికీ ఎముకకూ మధ్య కన్నం చేసి తాడు దూర్చి, ఆ తాడుతోనే కొమ్మకు కట్టండి. అప్పుడు సంచి ముసుగు మాత్రమే, బరువు దాని మీద పడదు. ఎముక తీసిన మాంసమైతే మొత్తం బరువు సంచి కొక్కెం మీదే. అందుకే ఆ సంచులకు కొక్కెం దగ్గర అడ్డంగా గట్టి కుట్టు ఉందో లేదో చూడాలి. నీడ, గాలి రెండూ ఉన్న చోటే వేలాడదీయండి. వానొస్తే పైన టార్పాలిన్ కట్టండి, మాంసాన్ని తాకకుండా. ఈగలు మరీ ఎక్కువైతే, లీటరు నీళ్లలో 60 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి మాంసం మీద పల్చగా చల్లి ఆరనివ్వడం చాలామంది పాటించే పద్ధతి. పులుపు ఈగనూ బ్యాక్టీరియానూ రెండిటినీ కొంత వెనక్కి నెడుతుంది. కానీ సంచికి బదులు అది కాదు.

ఇంటికొచ్చాక సంచుల్ని ముందు చన్నీళ్లలో నానబెట్టండి. వేణ్నీళ్లు పోస్తే రక్తం మరక గుడ్డలో పాతుకుపోతుంది. మరక వదిలాక వాసన లేని డిటర్జెంటుతో వేణ్నీళ్లలో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. గుడ్డ మెత్తబడేందుకు వాడే ద్రవాలు వద్దు, నేత సందులు పూడి గాలి ఆడటం తగ్గుతుంది. నైలాన్‌కు క్లోరిన్ బ్లీచ్ తగలనివ్వకండి, పోగు బలహీనపడుతుంది.

అభ్యాసం

వచ్చే పాఠంలోపు మీ దగ్గరున్న సంచో, కొనబోయే సంచో తీసుకుని ఈ పరీక్షలు చేయండి. గుడ్డను నోటికి ఆనించి ఊదండి, అవతల చేయి పెడితే ఊపిరి తగలాలి. తగలకపోతే పూత ఉన్నట్టే. తర్వాత దీపానికి ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు సమంగా వస్తే మంచిది, కన్నాలు విడివిడిగా కంటికి కనబడితే వెచ్చటి రోజుల్లో ఆ సంచి వద్దు. చివరగా సంచిని తడిపి, మీరు వేటాడే జంతువు తొడంత బరువు ఇసుక మూటలో కట్టి అందులో పెట్టి, రాత్రంతా వేలాడదీయండి. పొద్దున కుట్లు సాగాయా, తాడు జారిందా, గుడ్డ ఎంతవరకు ఆరింది అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠంలో ఈ సంచుల్ని వీపు సంచిలో సర్ది, బరువు నడుం మీద పడేలా మోయడం చూద్దాం. ఆరడానికి పట్టిన సమయం అక్కడ మళ్లీ కావాలి.