పిల్లల స్పీచ్ థెరపీలో ఇంట్లోవాళ్ళతో ఎలా మాట్లాడాలి?

రెండున్నరేళ్ళొచ్చినా బాబుకి మాటలు రావట్లేదని విశాఖలో గాజువాక నుంచో మధురవాడ నుంచో బస్సెక్కి వచ్చిన కుటుంబం మళ్ళీ వస్తుందా రాదా అన్నది చాలావరకు మొదటి పావుగంటలోనే తేలిపోతుంది. థెరపీ వారానికి ఒకటో రెండో గంటలు, మిగతా టైమంతా బిడ్డ ఇంట్లోనే ఉంటాడు, కాబట్టి ఇంట్లోవాళ్ళు కలిసిరాకపోతే పని సాగదు.

థెరపిస్టుగా మీరు ముందు తలుపు వేసి, ఫోన్ పక్కన పెట్టి, బిడ్డకి నాలుగు బొమ్మలిచ్చి కూర్చోబెట్టండి. "మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?" అని అడిగి ఇక వినండి. మధ్యలో సలహాలొద్దు.

"టీవీ పెట్టి అన్నం తినిపించాను, అందుకేనా మేడమ్?" అని తల్లి అడుగుతుంది. తప్పంతా తనదేనేమో అన్న భయం ఆ ప్రశ్న వెనుక ఉంటుంది. వెంటనే మీరు టీవీ మీద పాఠం మొదలుపెడితే ఆవిడ ఇక నోరు విప్పదు. "చాలా రోజులుగా ఇదే మనసులో పెట్టుకుని బాధపడుతున్నట్టున్నారమ్మా" అనండి, ఆవిడ చెప్పుకునేదంతా చెప్పుకోనివ్వండి. టీవీ ఎలా తగ్గించాలో తర్వాత మాట్లాడొచ్చు. అలాగని "ఏం పర్లేదు, అంతా సర్దుకుంటుంది" అని మాత్రం అనకండి, మనకి తెలియని దానికి హామీ ఇవ్వకూడదు.

పక్కన నానమ్మ ఉంటే "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు, వస పోస్తున్నాంలే" అంటారు. కొట్టిపారేయకండి. "కొందరికి ఆలస్యంగా వచ్చేమాట నిజమే మామ్మగారూ, కానీ ఎవరికి వాటంతటవే వస్తాయో ముందే చెప్పలేం, వినికిడి పరీక్ష మాత్రం ఇప్పుడే చేయించేద్దాం" అంటే ఆవిడే బయల్దేరదీస్తారు. వసతో మాటలు రావని, పిల్లలకి వాంతులు కూడా అవ్వొచ్చని తర్వాత నెమ్మదిగా చెప్పండి.

ఆటిజం పరీక్షకి పంపాల్సి వస్తే ఆ మాట చెప్పి ఆగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ టైములో ఎంత చెప్పినా బుర్రకెక్కదు, తర్వాత ఏం చేయాలో తెలుగులో రెండు మూడు ముక్కలు కాగితం మీద రాసివ్వండి.

ఇంట్లో ఒడియానో హిందీనో, బయట తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఇక్కడి స్టీల్ ప్లాంట్, నేవీ కుటుంబాల్లో ఇది మామూలే. ఎక్కువ భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, అమ్మకి బాగా వచ్చిన భాషలోనే మాట్లాడమనండి.

నత్తి ఉన్న ఏడేళ్ళ పాప ఎదుటే "దీనికి మాట సరిగ్గా రాదండీ" అని నాన్న అంటే పాప వైపు తిరిగి "నీకెక్కడ ఎక్కువ ఆగిపోతుందమ్మా, క్లాసులోనా?" అని తననే అడగండి. మాట అందించకండి, ఎంతసేపైనా తననే పూర్తి చేయనివ్వండి.

తల్లి "బతకాలని లేదు" అంటే అది మన చేతిలో పని కాదు. ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్ళకి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి అక్కడే ఫోన్ చేయించండి, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి ఆ రోజే పంపండి, సాయంత్రం మీరే ఫోన్ చేసి వెళ్ళారో లేదో కనుక్కోండి.