హొరైజన్ యూరప్‌లో చేరాలంటే: పిక్ నంబరు ఎవరి పేరు మీద తీసుకోవాలి?

యూరప్ నుంచి కోట్ల గ్రాంటు ఇప్పిస్తామనీ, రిజిస్ట్రేషన్ కోడ్‌కు ముందుగా కొంత కట్టమనీ ఒంగోలు, నెల్లూరు కాలేజీల చుట్టూ తిరిగే కన్సల్టెంట్లు ఉన్నారు. ఆ కోడే పిక్, అంటే పోర్టల్ ఇచ్చే సంస్థ గుర్తింపు సంఖ్య. అది ఉచితం. ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

హొరైజన్ యూరప్ అనేది 2021–2027 కాలానికి ఐరోపా సమాఖ్య (ఈయూ) నడుపుతున్న పరిశోధన కార్యక్రమం. నిధి సుమారు 9,350 కోట్ల యూరోలు. ఉమ్మడి ప్రాజెక్టుకు మూడు వేర్వేరు సభ్య లేదా అనుబంధ (ఒప్పందం ద్వారా ఈ కార్యక్రమంలో చేరిన) దేశాల నుంచి కనీసం మూడు సంస్థలుండాలి. అందులో ఒకటైనా సభ్య దేశానిది కావాలి. మన సంస్థ ఆ మూడింటికీ అదనంగా చేరుతుంది. దరఖాస్తు పంపేది సమన్వయకర్త సంస్థ. మనం ఈయూ లాగిన్ ఖాతా తెరిచి, ఫండింగ్ అండ్ టెండర్స్ పోర్టల్‌లో సంస్థను నమోదు చేస్తే తొమ్మిది అంకెల పిక్ నంబరు వస్తుంది.

చిక్కంతా ఆ నమోదులో రాసే పేరు దగ్గరే. ప్రైవేటు కాలేజీ సాధారణంగా ఏదో ఒక సొసైటీదో ట్రస్టుదో అయివుంటుంది. చట్టప్రకారం ఒప్పందంపై సంతకం పెట్టగలిగేది ఆ సొసైటీయే, గేటు మీద పేరున్న కాలేజీ కాదు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయానికో అనుబంధంగా ఉన్నంత మాత్రాన ఆ విశ్వవిద్యాలయం పిక్ వాడుకోవడానికీ వీల్లేదు. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదానిలో ‘శ్రీ’ ఉండి మరోదానిలో లేకపోయినా, ‘ఎడ్యుకేషనల్’ కాస్తా ‘ఎడ్యుకేషన్’ అయినా ముందే సవరించుకోవడం మేలు. నిధులు తీసుకునే భాగస్వామి అయితే, ప్రాజెక్టు ఎంపికయ్యాక ఈ పత్రాలనే పరిశీలిస్తారు.

కొత్త పిక్ తీసుకునే ముందు పోర్టల్‌లో వెతకండి; పాత అధ్యాపకులెవరో ఇదివరకే తీసుకుని ఉండవచ్చు. నమోదుకు సంస్థ ఈమెయిలే ఇవ్వండి. కన్సల్టెంటు తన ఈమెయిల్‌తో చేస్తే తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోతుంది.

ఇక డబ్బు సంగతి. భారతీయ సంస్థలకు ఐరోపా నిధులు వాటంతట అవే రావు. దరఖాస్తులు కోరే ప్రకటనలో ప్రత్యేకంగా చెప్పినప్పుడో, మన భాగస్వామ్యం తప్పనిసరని తేలినప్పుడో మాత్రమే ఇస్తారు. మిగతా సందర్భాల్లో అసోసియేటెడ్ పార్ట్‌నర్‌గా సొంత ఖర్చుతో చేరాలి. సముద్ర ప్లాస్టిక్ కాలుష్యంపై 2025లో వచ్చినటువంటి ఈయూ-భారత్ ఉమ్మడి ప్రకటనల్లో మన వాటా భారత ప్రభుత్వం ఇస్తుంది, దానికి ఇక్కడ విడిగా దరఖాస్తు చేసుకోవాలి. తీరప్రాంత సంస్థలు వీటిపై కన్నేసి ఉంచాలి.

దరఖాస్తు గడువు సాధారణంగా బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30.

పీహెచ్‌డీ పూర్తయినవారు వ్యక్తిగతంగా ఐరోపాకు వెళ్లాలనుకుంటే మేరీ స్క్లోదోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్ ఉంది. అందులో ఐరోపాలో ఉండి చేసేదానికి ఏ దేశస్థులైనా అర్హులే. జీతం ఆతిథ్య సంస్థ ద్వారా వస్తుంది. ఐరోపాలోనే ఉండి చేసే ఫెలోషిప్‌కు ఇక్కడి కాలేజీ పిక్‌తో పనే లేదు.