తుఫానుకు ముందే ఇల్లు – 3వ పాఠం: రేకులు లేచిపోకుండా

కిందటి పాఠంలో పెరట్లో గాలికి ఎగిరేవన్నీ ఏరి లోపల పెట్టాం. ఈసారి పైకెక్కాలి. నిచ్చెన, స్పానరు, ఒక చాక్‌పీసు దగ్గర పెట్టుకోండి. ఈ పని సెప్టెంబరు లోపే, తడి లేని రోజు చూసి చెయ్యండి. హెచ్చరిక వచ్చాక మాత్రం ఎవరూ రేకుల మీదికి ఎక్కొద్దు.

ముందు చిన్న లెక్క. విశాఖపట్నంలో కట్టే ఇళ్లకు మన ప్రమాణాలు లెక్కలోకి తీసుకోమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాదాపు అంత జోరుగానే వచ్చింది. ఆ గాలికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి ఉంటుంది. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు రేకుకు లెక్క కడితే 400 కిలోల పైమాటే. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి 90కి ఆగిన కప్పు 180కీ ఆగుతుందని ధీమా పడొద్దు.

ఇంకో సంగతి, వాలు తక్కువున్న కప్పును గాలి కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. మనవాళ్లు రేకుల మీద ఇసుక బస్తాలు పెడతారు చూశారా, అది మన టెన్షన్ తగ్గడానికే. నలభై కిలోల బస్తాలు రేకుకు పదన్నా కావాలి. అన్ని పెడితే తుఫాను దాకా ఎందుకు, ఆ బరువుకే రేకు వంగుతుంది. రేకును దాని కింద మోసే అడ్డ పైపుకీ, ఆ పైపును గోడకీ బిగించి కట్టడమే దారి.

ఇప్పుడు చూరు దగ్గర మొదటి బోల్టు చూడండి. రేకు గట్టు మీద ఉందా, పల్లంలో ఉందా? పల్లంలో ఉంటే నీళ్లు దిగి తుప్పు పడుతుంది. వాషర్‌ను గోటితో నొక్కండి, పెళుసుగా విరిగితే మార్చాల్సిందే. నట్టు చేత్తోనే తిరిగితే చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. తర్వాత లోపలికొచ్చి తలెత్తి చూడండి. జె ఆకారం హుక్కు పైపును ఎంతవరకు పట్టుకుంది? గట్టిగా లాగితే జె సాగి తెరుచుకుంటుంది. మార్చేటప్పుడు పైపు చుట్టూ తిరిగి రెండు వైపులా నట్లు పడే యు బోల్టు వేయించండి. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చూసుకోకండి.

గాలి లాగుడు ఎక్కువగా ఉండేది చూరు, అంచులు, మూలల దగ్గర. డబ్బు తక్కువుంటే అక్కడే బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి. చూరు గోడ దాటి అడుగున్నర కంటే ముందుకు రాకుండా చూసుకోండి. ఇంటి కప్పునే వరండా మీదికి సాగదీసి ఉంటే విడదీయించండి. హుద్‌హుద్ నాడు మా పక్కింట్లో ముందు వరండా రేకులే లేచాయి, ఇంటివి వాటి వెంటే పోయాయి. రెండూ ఒకే పైపుల మీద ఉన్నాయి మరి.

ఇక పైపులు గోడ మీద ఊరికే ఆని ఉన్నాయా, గోడ పైన చుట్టూ పోసిన కాంక్రీటు బెల్టులోకి బోల్టు పడిందా? రెండు ఇటుకల మధ్య ఇరికించి సిమెంటు పూస్తే అది బిగింపు కాదు. ఇది మేస్త్రీ పని, మనం దగ్గరుండి చూడాలంతే. పూరింటికైతే కప్పు మీద తాళ్లు వలలా పరిచి, కొసల్ని నేలలో లోతుగా దిగిన గూటాలకు కట్టండి.

ఏ వైపునూ వదలకుండా చూడాలి. తుఫాను కన్ను, అంటే గాలి ఉండని దాని నడిమి భాగం, ఊరి మీదుగా వెళ్తే మొదట ఉత్తరం వైపు నుంచి కొడుతుంది, మధ్యలో కాసేపు ఆగుతుంది, తర్వాత దక్షిణం వైపు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆగింది కదా అని రేకు సర్దడానికి ఎక్కినవాళ్లు ఆ రెండో గాలి బారిన పడతారు.

వచ్చే పాఠంలోపు చాక్‌పీసు గుర్తులన్నీ లెక్కపెట్టి, బోల్టుల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. ప్రతి కిటికీ పొడవు, వెడల్పు కూడా. వాటికి అడ్డుపెట్టడానికి ప్లైవుడ్ కోయించాలి.